సంఘం కంప్యూటరుకు చలువ: 2,500 రూపాయల లెక్క

పోయిన నెల కూటంలో "కొత్త కంప్యూటరు కొంటామన్నారే, కొనకుండా పాతదానికే ఏం చేసినారు, ఎంత అయింది?" అని అడిగినారు. లెక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అయితే కూటం అయినాక మెట్ల దగ్గర నలుగురైదుగురు ఆపి, "మా ఇంట్లోది కూడా ఇట్లే మధ్యాహ్నమైతే ఆగిపోతోందప్పా" అని చెప్పినారు. అందుకని కొంచెం పొడుగ్గా వ్రాస్తున్నాము. మేము అంటే గది తాళంచెవి పెట్టుకొని తిరిగే నలుగురం. ముగ్గురు రైల్వే పింఛనుదార్లు, ఒకరు బళ్ళో లెక్కలు చెప్పినాయన. వ్రాసే చెయ్యి మటుకు పొన్మలైలో స్టోర్సు ఆఫీసు గుమాస్తాది. చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు పింఛను వచ్చినాక కూడబలుక్కున్నవి.

విషయం తెలియనివాళ్ళకు: మన కంప్యూటరు 2016లో కొన్నది. ఇంటెల్ ఆరవ తరం ఐ5, 65 వాట్ల చిప్పు. పనికి ఇప్పటికీ చాలినంత బలమున్నదే. ఆదివారం పిల్లల తెలుగు తరగతి దానిమీదే, మన ముసలివాళ్ళ చేత చెప్పించి పట్టిపెట్టుకున్న పాటలు, కథలు, ఇంటి మాటలు అన్నీ దానిలోనే. ఏప్రిల్ నుంచి ఇది పదకొండు గంటలకు మొరాయించడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా పోతుంది, తరువాత ఫ్యాను అరుస్తుంది, తరువాత ఉన్నట్టుండి నల్లగా అయిపోతుంది. ఒక షాపులో చూపిస్తే మూత కూడా తెరవకుండా "బోర్డు పోయింది, కొత్త సెట్టు 42,000" అని చీటీ వ్రాసిచ్చినారు. మన దగ్గర ఉన్నది 45,000. అది జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు పిల్లలకు నోటుపుస్తకాలు, ఫీజుల సాయం అని పక్కన పెట్టింది. అందులో చెయ్యి పెట్టడమా, లేక కత్తిరి ఎండ పోయేదాకా తరగతి నిలిపేయడమా అని రెండు మాటలు వచ్చినాయి. రెండూ మాకు ఒప్పలేదు.

బోర్డు పోలేదని మాకు ఎట్లా తెలిసిందంటే, పొద్దున ఆరు గంటలకు ఆన్ చేస్తే అదే కంప్యూటరు మూడు గంటలు బంగారంలా నడిచింది. పోయిన బోర్డుకు పొద్దున, మధ్యాహ్నం తేడా తెలియదు. కోర్ టెంప్ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉన్నది, ఖర్చు లేదు, చిప్పు లోపలి వేడి ఎంతో చూపిస్తుంది. పెట్టి చూస్తే గది 37 డిగ్రీలు ఉన్నప్పుడు చిప్పు 98. ఈ జాతి చిప్పులకు 100 గీత. అక్కడికి వచ్చేసరికి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ దిగకపోతే ప్రాణం కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ఆగిపోవడం రోగం కాదు, జ్వరం వచ్చినప్పుడు పడుకోవడం లాంటిది.

ఇక్కడ ఒక సంగతి మొదటే చెప్పాలి, ఎందుకంటే దీనిమీదే జనం డబ్బు పోగొట్టుకుంటారు. ఎంత పెద్ద హీట్‌సింకు పెట్టినా, ఎంత ఖరీదైన ఫ్యాను పెట్టినా, చిప్పు వేడి గది వేడికంటే కిందికి పోదు. ఫ్యాను ఏసీ కాదు. చిప్పు వేడికీ గది వేడికీ మధ్యనున్న తేడాను తగ్గించడమే దాని పని. మాకు తేడా 61 డిగ్రీలు ఉండింది. పెట్టె మీద "మైనస్ 20 డిగ్రీలు" అని ఎవరైనా చెప్తే, దేనికంటే తక్కువ అని అడగండి.

ఇప్పుడు హీట్‌సింకు అంటే ఏమి? బళ్ళో మేము చదువుకున్నది వెప్పక్కడత్తల్, వెప్పచ్చలనం, వెప్పక్కదిర్‌వీచ్చు. తెలుగులో వీటిని ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అంటారట. చిత్తూరులో ఉన్న మేనల్లుణ్ణి అడిగి తెలుసుకున్నాము. పేర్లు ఏవైనా, మన వంటింట్లో అందరికీ తెలిసిన పనే. వేడి అన్నం గిన్నెలో కుప్పగా ఉంటే గంటైనా ఆరదు, వెడల్పు తాంబాళంలో పరిచి విసనకర్ర ఊపితే పది నిమిషాల్లో ఆరుతుంది. చిప్పు రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది, అంత చిన్న చోటు నుంచి 65 వాట్లు బయటికి రావాలి. దాని మీద కూర్చున్న అల్యూమినియం రెక్కలు ఆ వేడిని పరుస్తాయి, ఫ్యాను విసురుతుంది. రైలు వాళ్ళకైతే ఇంకా సులభం: పాత డబ్ల్యు.డి.ఎం.2 డీజిల్ ఇంజను 2,600 గుర్రాల బలం. దాని ఒక కొసన రేడియేటర్ గది, పక్కల నుంచి గాలి పీల్చి పైకి తోసే పెద్ద ఫ్యాను. షెడ్డులో ఆ రేడియేటర్ దుమ్ముతో అడ్డుకుంటే ఇంజను మార్చాలని ఎవరూ ఇండెంటు పెట్టలేదు. కడిగినారు.

మేము కూడా మొదట కడగడమే. నీళ్ళతో కాదు సుమా. మూత తీసి చూస్తే హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము బట్టలాగా అల్లుకొని ఉన్నది. మామూలు దుమ్మైతే ఊదితే పోతుంది, ఇది జిడ్డు దుమ్ము. కారణం వెతుక్కోనక్కరలేదు, పక్కనే పటాలకు శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి, కర్పూరం. పొగలోని జిడ్డు రెక్కలకు అంటుకొని దుమ్మును పట్టుకుంటుంది. పూజ మానమని చెప్పడానికి మాకు ధైర్యం లేదు, కంప్యూటరు బల్లను ఎదురుగోడకు మార్చినాము. 40 రూపాయల పెయింటు బ్రష్షుతో, ఫ్యాను రెక్క తిరగకుండా వేలుతో పట్టుకొని దులిపినాము (గాలికి ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగు పాడవుతుంది). ప్లగ్గు గోడ నుంచి పీకినాకే ఇదంతా. కరెంటు పెట్టెను, అంటే ఎస్.ఎం.పి.ఎస్.ను, బయటనుంచి ఊదడమే తప్ప విప్పకండి. ప్లగ్గు తీసినా దానిలోని కెపాసిటర్లలో షాకు మిగిలి ఉంటుంది. మాదాని కింద ఒక బల్లి ఎండి కరకరలాడుతూ ఉన్నది. దాన్ని బయటికి తీయడానికి అరగంట, ఆ శకునం మంచిదా చెడ్డదా అని వాదించడానికి ఇంకో అరగంట.

98 పోయి 90 అయింది. 40 రూపాయలకు ఎనిమిది డిగ్రీలు. తరువాత పెట్టిన ఏ రూపాయీ ఇంత పని చేయలేదు.

రెండో రోజు పేస్టు. చిప్పు పైన, హీట్‌సింకు అడుగున కంటికి అద్దంలాగా కనిపించినా సన్నని గుంటలుంటాయి, వాటిలో గాలి నిలుస్తుంది. వేడిని మోసే శక్తిని కొలిచే లెక్కలో రాగి 400కు దగ్గర, అల్యూమినియం 237, గాలి 0.026. అంటే ఆ సన్నని గాలి పొరే పెద్ద అడ్డు. ఆ గుంటలు నింపడానికే పేస్టు. రాగితో పోలిస్తే అది చాలా తక్కువ, గాలితో పోలిస్తే నూరు రెట్లకు పైన. ఏండ్లు గడిస్తే ఎండి సున్నపు పెచ్చులాగా అవుతుంది, మాది అట్లాగే ఉన్నది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు 90, నాలుగు గ్రాముల పేస్టు 420. పాతది తుడిచి, శనగబద్దంత నడుమ పెట్టి హీట్‌సింకును నిట్టనిలువుగా దించితే దానంతటదే పరుచుకుంటుంది. అట్లకు నూనె పూసినట్టు మందంగా పూయకండి, మందమైతే అదే అడ్డు. ఇంటెల్ పెట్టెలో వచ్చే ఫ్యానుకు నాలుగు నొక్కుడు పిన్నులుంటాయి, ఎదురెదురు మూలలవి నొక్కుతూ పోవాలి. మాదానికి ఒక పిన్ను సగమే దిగి ఉండింది, ఎన్నేండ్లుగానో! ఎ.ఎం.డి. వాళ్ళ ఎ.ఎం.4 ఉన్నవాళ్ళు కొంచెం జాగ్రత్త: పేస్టు గట్టిపడి ఉంటే హీట్‌సింకుతోబాటు చిప్పు కూడా సాకెట్టులోనుంచి ఊడివస్తుంది. పది నిమిషాలు నడిపి, వేడెక్కినాక ఆపి, ప్లగ్గు పీకి, మెల్లగా మెలితిప్పి తీయాలి.

83 వచ్చింది. ఇంతటితో ఆగిపోవడం మానింది. చాలామంది ఇళ్ళకు పని ఇక్కడే ముగుస్తుంది, 550 రూపాయల్లో. ఆపైన చదవాల్సిన అవసరం వాళ్ళకు లేదు.

మాకు అవసరం ఎందుకొచ్చిందంటే చప్పుడు. చిప్పు 83లో ఉంటే ఆ చిన్న ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎలక్ట్రిక్ ఇంజను నిలబడి ఉన్నప్పుడు దాని బ్లోయర్లు ఎట్లా ఊదుతాయో, మాటలు వినిపించవే, అట్లా. ఆదివారం తరగతిలో అది మైకులో పడుతోంది. మన తొంభై దాటిన అవ్వగారు కూర్చొని కథ చెప్తే, ఆమె గొంతు ముందే సన్నం, రికార్డింగులో సగం మాటలు ఫ్యాను మింగేసింది. "కడప" అన్నదా "కడవ" అన్నదా అని మేము నలుగురం నాలుగు సార్లు విన్నాము. మన ఇళ్ళల్లో మిగిలిన మాటలు ఎక్కడా అచ్చులో లేవు. ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు నవ్వే మాటలవి. అవి తెలిసినవాళ్ళు మనకు ఇప్పుడు ఆరుగురు ఉన్నారు. ఫ్యాను చప్పుడు చిన్న విషయమని మాకు తోచలేదు.

అందుకని ఫ్యాన్లు కొనడానికి పోయినాము. మాలో ఒకరు కూతురింటికి చెన్నై పోతూ ఎగ్మూరులో దిగి రిచీ స్ట్రీట్ మెట్టినారు. అక్కడ ఒక్కో అంగట్లో నలభై రకాలు, సగానికి పైన రంగు లైట్లు. లైట్లు వేడిని తీయవు, ధరను మాత్రం పెంచుతాయి. మేము ఇక్కడి నుంచి ఫోనులో అడిగి పెట్టమన్న ప్రశ్నలు మూడే.

మొదటిది కొలత. మీ క్యాబినెట్టులో 120 మి.మీ. ఫ్యానుకు చోటుంటే 80 వైపు చూడకండి. 120 దాని వెడల్పుకు 80దానికంటే రెండుంపావు రెట్లు విస్తీర్ణం. అదే గాలిని నిమిషానికి వెయ్యి చుట్లతో మెల్లగా తోస్తుంది, చిన్నది రెండువేలకు పైన తిరిగి అరుస్తుంది. రెండోది బేరింగు. ఇది రైల్వేవాళ్ళకు చెప్పనక్కరలేదు. పాత గూడ్సు వ్యాగన్లకు ప్లెయిన్ బేరింగు, నూనెలో తడిపిన దూదిపీచు కుక్కిన పెట్టె, ఎండకాలం వస్తే హాట్ యాక్సిల్ అని కబురు. రోలర్ బేరింగు వచ్చినాక ఆ బాధ తగ్గింది. ఫ్యాన్లలో కూడా చవకవి స్లీవ్ బేరింగు, నిలువుగా బిగిస్తే ఓ మాదిరి, పడుకోబెట్టి బిగిస్తే తొందరగా అరిగి గరగర అంటాయి. రైఫిల్, ఫ్లూయిడ్ డైనమిక్, బాల్ అని వ్రాసి ఉన్నవి ఎక్కువ కాలం వస్తాయి. వంద రూపాయల తేడాకు స్లీవ్ కొనడం, ఇండెంటు భాషలో చెప్తే, ఎల్-1కు ఆర్డరిచ్చి రెండేండ్లకు మళ్ళీ టెండరు వేయడం. మూడోది పిన్నులు. నాలుగు పిన్నుల ఫ్యానైతే బోర్డు దాని వేగాన్ని పి.డబ్ల్యు.ఎం. అనే పద్ధతిలో తగ్గించి పెంచుతుంది, చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దం. మూడు పిన్నులది కూడా నాలుగు పిన్నుల చోట దూరుతుంది, నడుస్తుంది. కరెంటు పెట్టె నుంచి నేరుగా వచ్చే పెద్ద తెల్ల ప్లగ్గు రకమైతే ఎప్పుడూ పూర్తి వేగమే, అది మాకు వద్దు.

పెట్టె మీద ఇంత గాలి తోస్తుంది అని వ్రాసిన అంకెను మేము లెక్కలోకి తీసుకోలేదు. అది ఎదురు ఏ అడ్డూ లేనప్పటి అంకె. మన క్యాబినెట్టు ముందర జల్లెడ, లోపల వైర్ల చిక్కు.

రెండు ఫ్యాన్లు, ఒక్కోటి 450. ముందర ఒకటి లోపలికి, వెనక ఒకటి బయటికి. ఫ్యాను పక్కన బాణం గుర్తు లేకపోతే, కర్రలు అడ్డంగా ఉన్న ముఖం వైపు గాలి బయటికి వస్తుందని గుర్తు పెట్టుకోండి. అగరవత్తి పట్టుకొని చూస్తే సందేహం తీరుతుంది. వైర్లను పక్కకు తోసి దారంతో కట్టినాము. ముందర ఫ్యాను మీద పాత దోమతెర ముక్క ఒక పొర, దుమ్ము దానిమీదే ఆగుతుంది. 78 అయింది.

ఇక్కడ మాలో మాకు చర్చ. "78 చాలదా, ఎందుకు ఇంకా?" అని లెక్కల టీచరుగారు. ఆయన మాట న్యాయమే, కానీ అది గది 37లో ఉన్నప్పటి 78. మే నెలలో మిద్దె కింది గది 41కి పోతుంది, అప్పుడు 82, మళ్ళీ ఫ్యాను అరుపు. కొంతమంది ఇళ్ళల్లో పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాను పెడతారు. అప్పటికి వేడి తగ్గేది నిజమే, నెలలోపల మళ్ళీ దుమ్ము, చీమలు, బల్లి. అందుకని చివరి ఖర్చు చేసినాము, పెట్టెలో వచ్చిన హీట్‌సింకును మార్చి చిన్న టవర్.

టవర్ రకాల్లో రాగి గొట్టాలుంటాయి. వాటిని గట్టి రాగి కడ్డీలనుకుంటారు జనం. లోపల బోలు, కొద్దిగా నీళ్ళు, గోడలకు వత్తిలాంటి పొర. చిప్పు దగ్గర నీళ్ళు ఆవిరై పైకి పోతాయి, రెక్కల దగ్గర చల్లబడి నీళ్ళై వత్తి వెంబడి కిందికి వస్తాయి. మూత పెట్టి ఇడ్లీ ఉడికిస్తే మూత లోపల చెమట పట్టి కారుతుందే, అదే పని, కరెంటు అక్కరలేకుండా, ఆగకుండా. డీప్‌కూల్, కూలర్ మాస్టర్, ఇంకా కొత్త పేర్లు చాలా ఉన్నాయి. పేరుకంటే ముందు టేపు తీసుకొని కొలవండి. 120 ఫ్యాను టవర్లు చాలామటుకు 150 మి.మీ. ఎత్తుకు అటూ ఇటూ ఉంటాయి, మన పాత క్యాబినెట్టులో బోర్డు నుంచి మూతకు 145 మాత్రమే. అంత పెద్దది కొంటే మూత పడదు. 92 మి.మీ. ఫ్యాను, రెండు గొట్టాలు, 135 ఎత్తున్నది చూసి 1,050కి తెచ్చినాము.

సాకెట్టు కూడా చూసుకోవాలి. ఇంటెల్ 1156, 1155, 1150, 1151, 1200 అన్నిటికీ బిగించే రంధ్రాల దూరం ఒకటే, 75 మి.మీ. ఇంకా పాత 775కు 72, 2021లో వచ్చిన 1700కు 78. మీ బోర్డు ఏదో తెలియకపోతే స్కేలు పెట్టి రంధ్రం నుంచి రంధ్రానికి కొలిచి అంగడివాడికి చెప్పండి, వాడు మారుమాట చెప్పలేడు. నీళ్ళ గొట్టాల కూలింగు గురించి ఒక తమ్ముడు అడిగినాడు. 65 వాట్ల చిప్పుకు అది కందిపప్పు ఉడకడానికి బాయిలరు తెచ్చినట్టు.

70 వచ్చింది. అదే గది 37, అదే ఇరవై నిమిషాల పని, పాత రికార్డింగు ఒకటి మార్చడం. రోజుకొక మార్పు మాత్రమే చేసి కొలిచినాము, లేకపోతే ఏ రూపాయి ఏ పని చేసిందో తెలియదు. బ్రష్షు 40, పేస్టు సామాను 510, ఫ్యాన్లు 900, టవర్ 1,050, కూడితే 2,500. బిల్లులు బీరువాలో నీలం ఫైలులో ఉన్నాయి. నోటుపుస్తకాల 45,000 ముట్టలేదు, ఈ 2,500 చిల్లర ఖర్చుల పద్దు నుంచి.

లెక్కలో రాని పని ఇంకొకటి జరిగింది. మిద్దె మీద సున్నం కొట్టినాము, సున్నం మన సభ్యుడొకరు ఊరికే ఇచ్చినారు, చీపురు పట్టింది కుర్రవాళ్ళు. మధ్యాహ్నం గది రెండు డిగ్రీలు దిగింది, చిప్పూ రెండు దిగింది. కంప్యూటరుకు చేసిన చలువ మనుషులకూ పనికొచ్చింది.

పోయిన ఆదివారం అవ్వగారిని మళ్ళీ కూర్చోబెట్టి పట్టినాము. వెనక ఏ చప్పుడూ లేదు, మధ్యలో ఆమె "ఈ పెట్టె ఆగిపోయిందేమో చూడండి నాయనా" అని కూడా అన్నారు, అదీ రికార్డింగులో ఉన్నది. ఆమె అన్నది కడపే, గడప అని అర్థం.

ఇకమీద దోమతెర ముక్కను నెలకొకసారి ఉతికి ఆరేసి పెట్టాలి, ఆరు నెలలకొకసారి మూత తీసి దులపాలి. వరుస వ్రాసి తలుపు వెనక అంటించినాము, జూలై, ఆగస్టు ఇంకా ఖాళీగా ఉన్నాయి. పేరు వ్రాయదలచినవాళ్ళు గదికి వచ్చి వ్రాయండి, బ్రష్షు సొరుగులో ఉన్నది. మిగిలిన ఐదుగురు పెద్దవాళ్ళను ఇంటినుంచి తీసుకొచ్చి మళ్ళీ దిగబెట్టడానికి ఆదివారం పొద్దున పది గంటలకు ఆటో లేక కారు ఉన్నవాళ్ళు కావాలి.